పాము సారా గ్లాసు ముందుకొస్తే: చేయవలసినవి, చేయకూడనివి

హనోయ్ పాతబస్తీలోనో, సైగాన్‌లోని బెన్ థాన్ మార్కెట్‌లోనో నడుస్తుంటే దుకాణాల అరల్లో గాజు జాడీలు కనిపిస్తాయి. లోపల పడగ విప్పి చుట్టుకున్న నాగుపాము, దాని నోట్లో తేలు, పక్కన వేళ్లూ ఎండు పండ్లూ, మెడ దాకా బియ్యపు సారా. కీళ్లనొప్పులకూ నడుంనొప్పికీ మగతనానికీ మందని వియత్నాంలో తరతరాలుగా తాగుతున్నారు. లావోస్‌లో లావో-లావో అనే సారాలో పామును వేస్తారు, జపాన్‌లోని ఒకినావాలో అవమోరి మద్యంలో హబు పామును ఊరబెడతారు. మనవాళ్లు ఆ దేశాలకు విహారానికి వెళ్తున్నారు, వెళ్తే ఈ గ్లాసు ముందుకొచ్చే అవకాశం ఉంది. అందుకే ఈ నాలుగు మాటలు.

అందరూ ముందు అడిగేది విషం గురించి. పాము విషం ప్రొటీన్. ఘాటైన ఆల్కహాల్‌లో నెలల తరబడి నానితే దాని శక్తి పోతుంది. భయపడాల్సింది సారా గురించి. 2024 నవంబరులో లావోస్‌లోని వాంగ్ వియెంగ్‌లో కల్తీ మద్యం తాగి ఆరుగురు విదేశీ పర్యాటకులు చనిపోయారు. వాళ్లు తాగినదాంట్లో పాము లేదు, ఒంట్లో విషంగా మారే మిథనాల్ అనే ఆల్కహాల్ ఉంది. కల్తీసారా చావుల గురించి మన పల్లెల్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. రుచిలో, వాసనలో మిథనాల్‌ను పోల్చుకోలేం. పైగా వేళ్ల ఘాటు, పాము నీచు కలిసిన జాడీలో ఏ తేడా అయినా మరుగున పడిపోతుంది.

చేయవలసినవి

రుచి చూడాలనే ఉంటే, లైసెన్సున్న కంపెనీ నింపి సీలు వేసిన సీసాలోదే తాగండి. లేబుల్ మీద తయారీదారు పేరు, ఆల్కహాల్ శాతం ఉండాలి. ఒకినావాలో ఇలాంటివి దొరుకుతాయి. ఒక్క గుక్కతో ఆపండి.

జాడీలో ఏ వేళ్లున్నాయో, అది తాగేదో రాసుకునేదో తప్పక అడగండి. ఉత్తర వియత్నాం కొండప్రాంతాల్లో మన విషపు మొక్క వత్సనాభి జాతికే చెందిన దుంపను సారాలో ఊరబెట్టి కీళ్లకు మర్దన చేసుకుంటారు. ఆ మర్దన సారా, తాగే సారా చూడటానికి ఒకేలా ఉంటాయి. పొరపాటున తాగి ప్రాణాల మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. పెదాలు, నాలుక తిమ్మిరెక్కితే, గుండె దడదడలాడితే ఒక్క నిమిషం కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

మిథనాల్ సంగతి వేరు. అది ఆలస్యంగా బయటపడుతుంది. ఆ రాత్రి మామూలు మత్తే. పన్నెండు నుంచి ఇరవైనాలుగు గంటల తర్వాత కడుపునొప్పి, వాంతులు, ఆయాసం, చూపు మసకబారడం మొదలవుతాయి. హ్యాంగోవర్ అనుకుని గదిలో పడుకుంటే చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. వెంటనే డయాలసిస్ ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లండి. వియత్నాంలో అంబులెన్స్ నంబరు 115. మిగిలిన సారాను సీసాతో సహా పట్టుకెళ్లండి. మీతో కలిసి తాగినవాళ్లను, వాళ్లు బాగానే ఉన్నా సరే, వెంట తీసుకెళ్లండి. వియత్నాంలోని క్వాంగ్ చి ఆసుపత్రిలో వైద్యులు మిథనాల్ ఎక్కిన రోగికి పదిహేను డబ్బాల బీరు కడుపులోకి పంపి బతికించారని 2019 జనవరిలో వార్తలొచ్చాయి. మిథనాల్ విషంగా మారకుండా మామూలు ఆల్కహాల్ అడ్డుపడుతుంది కాబట్టి అది పనిచేసింది. అయితే అది ఆసుపత్రిలో, డయాలసిస్‌తో పాటు చేసిన వైద్యం. హోటల్ గదిలో ఎవరికి వాళ్లు చేసుకునేది కాదు.

చేయకూడనివి

పచ్చి నెత్తురు తాగకండి. హనోయ్ శివార్లలోని లే మాత్ పాముల ఊరు. అక్కడ హోటళ్లలో అతిథి కళ్లముందే నాగుపామును కోసి, నెత్తురును సారాలో కలిపి, ఇంకా కొట్టుకుంటున్న గుండెను గ్లాసులో వేసిస్తారు. నెత్తురులో, పచ్చి మాంసంలో సాల్మొనెల్లా ఉండొచ్చు, పరాన్నజీవుల లార్వాలు ఉండొచ్చు. ఒక గ్లాసు సారా వాటిని చంపదు. తెగిన పాము తల కూడా కొంతసేపు కాటేయగలదు, ఫొటో కోసం దగ్గరికి వెళ్లొద్దు.

షుగర్‌కు మెట్‌ఫార్మిన్, రక్తం పలచబడే మందులు, నిద్రమాత్రలు, మెట్రోనిడజోల్ వాడుతున్నవాళ్లు అసలు ముట్టొద్దు. గర్భిణులు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లూ అంతే. నొప్పులకు మందని ఎంత నమ్మకంగా చెప్పినా, అది పనిచేస్తుందనడానికి గట్టి ఆధారాలు లేవు.

మొహమాటపడకండి. ‘మోత్, హాయ్, బా, జో!’ అని అందరూ గ్లాసులెత్తినప్పుడు మీరు గ్లాసు ఎత్తి పెదాలకు తాకిస్తే మర్యాదకు సరిపోతుంది. మందులు వాడుతున్నానంటే ఆతిథ్యమిచ్చేవాళ్లు అర్థం చేసుకుంటారు. తాగాక బైకు మాత్రం తీయొద్దు. వియత్నాంలో 2020 జనవరి నుంచి బండి నడిపేవారి ఒంట్లో ఒక్క చుక్క మద్యం ఉన్నా జరిమానాయే.

ఎలుగుబంటి పిత్తం కలిపిన సారా ఎవరిచ్చినా కాదనండి. ఆ పిత్తం కోసం ఎలుగులను ఏళ్ల తరబడి బోనుల్లో బంధించి హింసిస్తారు. వాటి వ్యాపారం అంతర్జాతీయంగా నిషిద్ధం.

చివరిది సూట్‌కేసు సంగతి. ఇలాంటి సీసాల్లో ఊరబెట్టే నాగుపాము, రాచనాగు, సముద్రపు గుర్రం, టోకే బల్లి అన్నీ వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం జాబితాలో ఉన్నవే. 2022 సవరణతో మన వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ జాబితా జీవులకూ వర్తిస్తుంది. రెండు లీటర్ల మద్యం సుంకం లేకుండా తెచ్చుకోవచ్చన్న వెసులుబాటు పాము ఉన్న సీసాను కాపాడదు. తెలియక కొనేసి ఉంటే, దాచకుండా శంషాబాద్‌లో దిగగానే రెడ్ ఛానెల్‌కు వెళ్లి కస్టమ్స్ వారికి అప్పగించండి.