డాక్టర్ సీటు రాకపోతే బైపీసీ వృథానా?

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు పిల్లను బైపీసీలో చేర్చిన రోజే ఇంట్లో తీర్పు అయిపోతుంది: ఎంబీబీఎస్ వస్తే వచ్చినట్టు, లేదంటే రెండేళ్ల చదువు మట్టిపాలు. జగిత్యాల, రామగుండం, మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్‌లకు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాక ఆ నమ్మకం మరింత గట్టిపడింది. సీట్లు పెరిగిన మాట నిజమే. కానీ 2024లో నీట్ రాసినవాళ్లు 23 లక్షలకు పైనే, దేశం మొత్తమ్మీద ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. పిల్లే మళ్లీ రాస్తానంటే, మార్కులు సీటుకు దగ్గరగా వచ్చి ఉంటే, ఒక్క ఏడాది ఇవ్వండి. రెండో లాంగ్ టర్మ్ కోచింగ్, మూడో లాంగ్ టర్మ్ కోచింగ్ అంటూ హాస్టల్ గదిలో కూర్చోబెట్టడం మాత్రం పెద్దల పరువును పిల్ల నెత్తిన పెట్టడమే. పొలం కుదువపెట్టి కట్టిన ఫీజు సంగతి ఆ పిల్లకు రోజూ గుర్తుచేసే ఇళ్లలో చదువు ఎలా సాగుతుంది?

బైపీసీకి వేరే దారీ ఉంది. జబ్బు వచ్చాక మందు రాసేవాళ్లే కాదు, అది ఎక్కడి నుంచి వస్తోందో కొలిచి చెప్పేవాళ్లూ వైద్యానికి కావాలి. మన దగ్గర ఆ అవసరం కళ్లెదుటే ఉంది. ఆదిలాబాద్ యార్డుకు, జమ్మికుంట మార్కెట్‌కు వచ్చే పత్తి జిన్నింగ్ మిల్లులకు చేరుతుంది. అక్కడ గింజ వేరుచేసేటప్పుడు లేచే దుమ్ములో ఆకు ముక్కలు, కాయ తొడిమెలు, వాటి మీద పెరిగిన బ్యాక్టీరియా ఉంటాయి. గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియా పైపొరలోని విషపదార్థమే ఎండోటాక్సిన్. బ్యాక్టీరియా చచ్చిపోయినా దాని విషం పోదు. పీల్చినవాళ్లకు జ్వరం, దగ్గు, సెలవు తర్వాత పనిలోకి దిగిన రోజున ఛాతీ బిగుసుకుపోవడం లాంటివి వస్తాయి. ఏళ్ల తరబడి పీల్చితే ఊపిరితిత్తుల బలం తగ్గుతుంది. 1987లో కాస్టెలన్ బృందం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చువేసిన పరిశోధన ఈ చర్చలో కీలకం. పత్తి దుమ్ము పీల్చినవాళ్లలో శ్వాస సామర్థ్యం పడిపోవడానికి, దుమ్ము బరువుతో కంటే అందులోని ఎండోటాక్సిన్‌తోనే దగ్గరి సంబంధం కనబడింది. అంటే దుమ్మును తూకం వేసి ఊరుకుంటే చాలదు. రెండు మిల్లుల్లో దుమ్ము సమానంగా ఉన్నా ప్రమాదం సమానం కాకపోవచ్చు.

కొలిచే పని ఎంత ఓపిక కోరుతుందో చూడండి. కార్మికురాలి నడుముకు చిన్న పంపు కట్టి, ఊపిరి తీసుకునే చోటుకు దగ్గరగా కాలరుకు ఫిల్టర్ తగిలిస్తారు. నిమిషానికి రెండు లీటర్ల చొప్పున ఎనిమిది గంటల షిఫ్టు నడిస్తే 960 లీటర్ల గాలి, అంటే దాదాపు ఒక ఘనమీటరు, ఆ ఫిల్టర్ గుండా పోతుంది. ల్యాబ్‌లో దాన్ని ఎండోటాక్సిన్ లేని నీటిలో కడిగి, హార్స్‌షూ క్రాబ్ రక్తకణాల నుంచి తీసిన ఎల్ఏఎల్ రసాయనంతో పరీక్షిస్తారు. గాజు గొట్టాలను మరిగిస్తే సరిపోదు, 250 డిగ్రీల పొడి వేడిలో కనీసం అరగంట కాల్చాలి. చేతి వేలు తగిలినా ఫలితం చెడుతుంది. దుమ్ములోని ఇతర పదార్థాలు పరీక్షను అణచవచ్చు కాబట్టి తెలిసినంత ఎండోటాక్సిన్ కలిపి, అది 50 నుంచి 200 శాతం మధ్య తిరిగి కనబడుతోందా అని సరిచూడాలి. వచ్చిన అంకెను నెదర్లాండ్స్ ఆరోగ్య మండలి 2010లో సూచించిన 90 ఎండోటాక్సిన్ యూనిట్లతో (ఘనమీటరు గాలికి) పోల్చవచ్చు. మన చట్టంలో ఎండోటాక్సిన్‌కు పరిమితి లేదు.

మరి పరిమితే లేకపోతే ఉద్యోగం ఎవరిస్తారని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జిన్నింగ్ మిల్లు ఎవరినీ పిలిచి జీతం ఇవ్వదు. కొత్త కార్మిక కోడ్ కూడా మామూలు ఫ్యాక్టరీల్లో 500 మంది ఉంటేనే సేఫ్టీ ఆఫీసర్‌ను తప్పనిసరి చేసింది. సీజన్‌లో మాత్రమే నడిచే చిన్న మిల్లు అందులోకి రాదు. అయితే ఇదే ఎండోటాక్సిన్ పరీక్ష చాలా టీకాలకు, ఇంజెక్షన్లకు తప్పనిసరి. అందుకే హైదరాబాద్ దగ్గరి జీనోమ్ వ్యాలీ చుట్టూ ఉన్న క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లకు ఇది తెలిసినవాళ్లు కావాలి. మొదటి జీతం చిన్నదే, రాత్రి షిఫ్టులూ ఉంటాయి. కానీ చేతిలో పని ఉంటుంది. రెండుమూడేళ్లు అక్కడ చెయ్యి తిరిగాక పారిశ్రామిక ఆరోగ్యం వైపు మళ్లడమే నాకు నచ్చిన దారి. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరిశోధన ప్రాజెక్టుల ప్రకటనలు అప్పుడు చూడండి. పత్తి దుమ్ముతో వచ్చే బిస్సినోసిస్ పరిహారం ఇవ్వాల్సిన వృత్తి వ్యాధుల జాబితాలో ఉన్నా, పని చేసిన చోట గాలి ఎలా ఉండేదో చూపే కొలత లేకపోతే కార్మికుడి వాదన బలహీనపడుతుంది. ఆ కొలత తెచ్చేవాళ్లు మన జిల్లాల నుంచే రావాలని నా కోరిక.

ఇంటర్ బైపీసీ పాసైతే డిగ్రీ ప్రవేశాల పోర్టల్ దోస్త్ ద్వారా బీఎస్సీ మైక్రోబయాలజీ, ఆపైన పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి ఎమ్మెస్సీ చేయవచ్చు. కరీంనగర్ ప్రభుత్వ డిగ్రీ కాలేజీనీ శాతవాహన విశ్వవిద్యాలయాన్నీ చిన్నచూపు చూసి, దూరాన లక్షలు పోయనక్కర్లేదు. అసలు జాగ్రత్త డిగ్రీ తర్వాత కావాలి. మూడు నెలల్లో ఫార్మా ఉద్యోగం, ఆరు వారాల్లో గల్ఫ్‌లో సేఫ్టీ ఆఫీసర్ అంటూ బోర్డులు పెట్టినచోట సర్టిఫికెట్ ఇస్తారు, పని నేర్పరు. గల్ఫ్ పేరు చెబితే మన జిల్లాల్లో అప్పు పుట్టడం తేలిక, అందుకే ఆ బోర్డులు ఇక్కడ ఎక్కువ. ఫీజు కట్టేముందు పిల్లనే వెంటబెట్టుకుని ల్యాబ్ చూడండి. ఎల్ఏఎల్ పరీక్ష ఒక్కొక్కరి చేత విడిగా ఎన్నిసార్లు చేయిస్తారో, గొట్టాలు కాల్చే ఓవెన్ ఏదో, గాలి నమూనా పంపు ఉందో లేదో అడగండి. ప్రొజెక్టర్ మీద చూపిస్తామంటే డబ్బు కట్టకుండా బయటికి రండి.