గోపురములు కూలిన తరువాత ఏ పాట పాడుదుము?

చదువవలసిన భాగములు: కీర్తన 137, యిర్మీయా 29:4-7, లూకా 13:1-5, రోమా 12:17-21.



మన ప్రభువు దినములలో సిలోయములోని గోపురము కూలి పదునెనిమిదిమంది చనిపోయిరి. కొందరు గలిలయులను పిలాతు చంపించి, వారి రక్తమును వారి బలులతో కలిపెను. ఈ వార్త తెచ్చినవారితో ప్రభువు చచ్చినవారి పాపములను లెక్కింపలేదు. చంపినవానిని తిట్టి వారిని తృప్తిపరచను లేదు. మీ హృదయములను చూచుకొని మారుమనస్సు పొందుడని చెప్పెను. ఘోరమైన సంగతి జరిగినప్పుడు జనులు ఏమి చెప్పుకొందురో, ఏమి పాడుకొందురో, ఏ కథలు కట్టి చూపుదురో అది చిన్న సంగతి కాదు. ఈ నెల పాఠములో దానినే ధ్యానింపగోరుచున్నాము.

2001 సెప్టెంబరు 11వ తేదీ మంగళవారము ఉదయమున అమెరికా దేశములో 19 మంది దుండగులు నాలుగు విమానములను పట్టుకొనిరి. రెంటిని న్యూయార్కులోని 110 అంతస్తుల జంట గోపురములలోనికి, ఒకదానిని పెంటగాను అను సేనా కార్యాలయము మీదికి నడిపిరి. నాలుగవదానిలో ప్రయాణికులు ఎదిరింపగా అది పెన్సిల్వేనియాలో ఒక పొలమున కూలెను. రెండు గంటలు గడువకముందే రెండు గోపురములును నేలమట్టమాయెను. 2,977 మంది మృతులైరి. పాటలకును సినిమాలకును వేడుకలకును లోకమంతట పేరుపొందిన ఆ దేశము తరువాత ఏమి చేసెనో చూతము.

1. మౌనము

మొదట నవ్వులు ఆగిపోయెను. న్యూయార్కులోని బ్రాడ్వే నాటకశాలలు రెండు దినములు మూయబడెను. బేస్‌బాల్ పందెములు 17వ తేదీవరకు నిలిచిపోయెను. రాత్రివేళ టెలివిజనులో నవ్వించువారు నవ్వించుట మానిరి. రాబోవు స్పైడర్‌మాన్ సినిమా ప్రకటనలో ఆ జంట గోపురముల నడుమ సాలెగూడు అల్లినట్లు చూపియుండిరి. దానిని వెంటనే తీసివేసిరి. బబులోను నదులయొద్ద యూదులు తమ సితారాలను చెట్లకు వ్రేలాడదీసి ఏడ్చిరని కీర్తన 137లో చదువుచున్నాము. దుఃఖించువారియెదుట పాట ఆపుట మర్యాద, అది ప్రేమయును.

అయితే ఒక గొప్ప రేడియో సంస్థ 150కి పైగా పాటల పేర్లు వ్రాసి, వీటిని వేయకుండుట మంచిదేమోయని తన కేంద్రములకు పంపెను. ఆ పట్టికలో సమాధానమును కోరు ‘ఇమాజిన్’ అను పాటయు, కష్టములోనున్న స్నేహితుని ఓదార్చు ‘బ్రిడ్జ్ ఓవర్ ట్రబుల్డ్ వాటర్’ అను పాటయు ఉండెను. దుఃఖమువలన కలిగిన మౌనము మంచిది. భయమువలన కలిగిన మౌనము ఓదార్పు నోటిని సహా మూయును.

2. ఏడ్పు

పది దినములైన తరువాత, సెప్టెంబరు 21న, అనేక టెలివిజను కేంద్రములు కలిసి ఒకే కార్యక్రమమును ప్రసారము చేసెను. ప్రేక్షకులు లేరు, చప్పట్లు లేవు. క్రొవ్వొత్తులు వెలుగుచుండగా గాయకులు పాడిరి. పేరుపొందిన నటులు టెలిఫోనులయొద్ద కూర్చుండి, బాధిత కుటుంబములకు జనులిచ్చు కానుకలను వ్రాసికొనిరి. పట్టికలో చేరిన ఆ రెండు పాటలును ఆ రాత్రియందే పాడబడెను. ఏడ్చువారితో ఏడువుడని అపొస్తలుడు చెప్పినదానిని ఆ రాత్రి ఆ గాయకులు చేసిరి. సౌలును యోనాతానును పడినప్పుడు దావీదు విలాపగీతము కట్టి, దానిని యూదావారికి నేర్పుడని ఆజ్ఞాపించెను. ఏడ్చుటయు ఒకరికొకరము నేర్పవలసిన పాఠమే.

3. కోపము

ఏడ్పు వెంబడి కోపము వచ్చెను. ఆ దేశపు పల్లెవాసులు ఎక్కువగా వినునవి కంట్రీ పాటలు. అందులో రెండింటిని జ్ఞాపకము చేసికొందము. 2001 నవంబరు 7న అలాన్ జాక్సన్ అను గాయకుడు ఒక సభలో క్రొత్త పాట పాడెను. లోకము ఆగిపోయిన ఆ దినమున నీవెక్కడ ఉంటివని ఆ పాట అడుగును. చివరకు మనలను 1 కొరింథీయులకు 13వ అధ్యాయమునకు, విశ్వాసము నిరీక్షణ ప్రేమ అను మూడింటియొద్దకు నడిపించును. మరుసటి సంవత్సరము టోబీ కీత్ అను గాయకుడు వేరొక పాట పాడెను. సైనికుడుగా పనిచేసిన తన తండ్రి మరణదుఃఖమును, దేశముమీది దెబ్బయు కలిసి ఆ పాట పుట్టెను. అది శత్రువును చితుకగొట్టుదుమని బెదరించు పాట. రెండును కంట్రీ పాటల వరుసలో మొదటి స్థానమునకు ఎక్కెను. ఆ జనులే ఈ రెంటిని పాడుకొనిరి. మన హృదయములోను ఈ రెండు పాటలు ఉండునని ఒప్పుకొందము.

4. శత్రువు ముఖము

కోపమునకు ఒక ముఖము కావలెను. ఇదే అపాయము. 2001 సెప్టెంబరు 15న ఆరిజోనాలోని మేసా పట్టణమున ఒక సిక్కు సహోదరుడు తన పెట్రోలు అంగడి యెదుట పూలమొక్కల పని చూచుచుండగా, అతని తలపాగాను గడ్డమును చూచి శత్రువని తలంచి ఒకడు కాల్చి చంపెను. గోపురములు కూలి నాలుగు దినములే అయ్యెను. ఆ సిక్కు సహోదరునికి ఆ నేరముతో ఏ సంబంధమును లేదు.

ఆ సంవత్సరము నవంబరు 6న ‘24’ అను టెలివిజను కథ ప్రారంభమాయెను. అందులోని వీరుడు పట్టుబడినవారిని హింసించి నిజము చెప్పించును. అది నెగ్గినట్లు చూపుదురు. 2006లో వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో బోధనాధిపతియైన సేనాధికారి ఆ కథ తీయువారియొద్దకు వెళ్లి, ఇది మా విద్యార్థుల మనస్సును చెరుపుచున్నదని విన్నవించెను. తమాషాకు చూచిన కథయే గురువై కూర్చుండెను!

ఇది ఎక్కడో దూరదేశపు మాటయని ఎవరును అనుకొనకుడి. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రములోని ఒలేత పట్టణమున హైదరాబాదునుండి వెళ్లిన మన తెలుగు ఇంజనీరు ఒకరిని, ఇరాను దేశస్థుడని తలంచి ఒకడు కాల్చి చంపెను. దానిని ఆపబోయిన అమెరికను యువకుడొకడు తానే గుండు దెబ్బ తినెను. ముఖము చూచి చంపినవాడొకడు, ముఖము చూడక ప్రాణమునకు తెగించినవాడొకడు. ఇద్దరును అదే దేశమువారు, అదే గదిలోనివారు.

మనకు పాఠము

కీర్తన 137 చివరి మాటలు చదువుటకు మనకు వణకు పుట్టును. అంత కోపము బైబిలులో ఏల ఉన్నది? అది ఎవరితో చెప్పబడినదో గమనించుడి. చెరలోనున్నవాడు తన కోపమును దేవునియెదుట కుమ్మరించెను. బబులోను వీధిలోని పొరుగువానిమీద కుమ్మరింపలేదు. అదే చెరవారికి యిర్మీయా పత్రిక వ్రాసి, మీరున్న పట్టణముయొక్క క్షేమమునకై ప్రార్థించుడని చెప్పెను. కోపమును దాచుకొనుమని దేవుడు చెప్పలేదు. దానిని తనయొద్దకు తెమ్మనెను. పగతీర్చుట తన పనియని సెలవిచ్చెను.

కాబట్టి ఎక్కడనైనను బాంబు ప్రేలెనను వార్త మన చేతి ఫోనులోనికి వచ్చినప్పుడు మూడు సంగతులు చేయుదము. మొదట మౌనముగా మోకరించుదము. చచ్చినవారి చిత్రములను ఇతరులకు పంపకుందము. రెండవది, దాని వెంబడి వచ్చు పాటను, సినిమాను, హాస్యమును పరీక్షించుదము: ఇది ఏడ్చువారికొరకా, లేక ఒక జాతినంతటిని ద్వేషించుటకా? మూడవది, మన ఊరిలో బట్టలు కుట్టు సాయిబుగారి అంగడిముందు ఆ ఉదయమున తప్పక నిలిచి, మునుపటివలె పలుకరించుదము. ఆ దినమున ఆయనకు ఒక ప్రసంగముకంటె ఆ పలుకరింపు గొప్పది.

మేసాలో చంపబడిన సిక్కు సహోదరుని తమ్ముడు, పదునైదేండ్ల తరువాత చెరసాలలోని హంతకునితో టెలిఫోనులో మాటలాడి, నిన్ను క్షమించితినని చెప్పెను. ఆయన మన మతమువాడు కాడు. మంచి సమరయునివలె ఆయన మనలను సిగ్గుపరచి, మన ప్రభువు మాటయొద్దకే త్రిప్పుచున్నాడు.

సంఘములో మాటలాడుకొనుటకు:
1. మన పిల్లలు చూచు సినిమాలలో దుష్టుడు ఏ వేషములో, ఏ పేరుతో కనబడుచున్నాడు?
2. మన కోపమును చివరిసారి దేవునియెదుట చెప్పుకొన్నది ఎప్పుడు?

ప్రార్థన: ప్రభువా, మా కన్నీటిని అంగీకరింపుము. మా కోపమును నీ చేతిలోనికి తీసికొనుము. మా నోట నీ పాట నుంచుము. ఆమేన్.