ఫోన్‌లో ఆఫ్రికా నవలలు: ఎట్లా చదవాలి, వేటితో మొదలుపెట్టాలి

ముందే ఒప్పుకుంటున్నా, ఫస్టియర్‌లో నాకు ఈ-బుక్ అంటే చిరాకు.

మాది వాల్మీకిపురం. పెద్దోళ్ళు ఇప్పటికీ వాయల్పాడు అనే అంటారు. అక్కడి నుంచి మదనపల్లెకి కాలేజీ బస్సులో పోను రాను గంటన్నర పైనే. ఆ టైంలో చదువుదామని పీడీఎఫ్ తెరిస్తే అక్షరాలు చీమల్లా ఉండేవి. జూమ్ చేస్తే సగం లైను స్క్రీన్ బయటికి పోయేది. బస్సు గుంతలో పడితే ఏ లైన్లో ఉన్నానో తెలిసేది కాదు. పది నిమిషాలయ్యాక మళ్ళీ రీల్సే.

తర్వాత తెలిసింది, తప్పు ఈ-బుక్‌ది కాదు, ఫార్మాట్‌ది అని. పీడీఎఫ్‌లో పేజీ సైజు బిగించేసి ఉంటుంది. పెద్ద పేజీని చిన్న స్క్రీన్‌లో ఇరికిస్తే అంతే. ఈపబ్ అట్లా కాదు. అది నిజానికి ఒక జిప్ ఫైలు. లోపల ఉండేవి మనం వెబ్ ల్యాబ్‌లో రాసే హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ లాంటి ఫైళ్ళే. లాక్ లేని ఈపబ్ ఒకటి తీసుకొని ఎక్స్‌టెన్షన్‌ని జిప్ అని మార్చి తెరవండి, మీకే కనిపిస్తుంది. అందుకే స్క్రీన్ ఎంతుంటే అంతలో వాక్యాలు సర్దుకుంటాయి.

నాకు పనికొచ్చిన అలవాట్లు మూడు. ఒకటి, అక్షరం సైజు పెంచి, బ్యాక్‌గ్రౌండ్ లేత పసుపు పెట్టి, ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో వేయడం. రెండు, తెలియని పదం మీద వేలు నొక్కి పట్టి అక్కడే అర్థం చూడటం. మూడు, కొనే ముందు ఫ్రీ శాంపిల్ చదవడం. శాంపిల్ అయిపోయినప్పుడు "అయ్యో, అప్పుడేనా" అనిపిస్తేనే కొంటా.

ఇక నవలలు. సులువైన దాని నుంచి కష్టమైన దాని వరకు వరసగా చెప్తా.

1. థింగ్స్ ఫాల్ అపార్ట్ (1958), చినువా అచెబె, నైజీరియా. చాప్టర్లు 25, అన్నీ చిన్నవి. ఒక ట్రిప్పుకి రెండు అవుతాయి. ఒకొంక్వో పేరున్న మల్లయోధుడు, పెండలం పండించే రైతు. వాళ్ళ నాయన ఉనోకా వేణువు వాయించుకుంటూ అప్పుల్లోనే పోయాడు. నాయన లాగా అయిపోతానేమో అన్న భయమే ఒకొంక్వోని రాయి చేస్తుంది. తర్వాత ఆ ఊరికి తెల్లవాళ్ళ మతం, కోర్టు వస్తాయి. అట్లాగని పాత ఊరు స్వర్గం అని అచెబె చెప్పడు. కవలలు పుడితే అడవిలో పారేసే ఆచారం కూడా దాచకుండా రాశాడు. ఈ కథ మా జేజికి చెప్తే ఆమె అడిగిన మొదటి మాట: "అప్పులుంటే ఉండనీ, ఆయప్ప బాగా వాయిస్తాడా?"

2. సో లాంగ్ ఎ లెటర్ (1979), మరియామా బా, సెనెగల్. అసలు ఫ్రెంచిలో రాసింది, సుమారు వంద పేజీలు. భర్త చనిపోయాక ఇంట్లోనే ఉండాల్సిన రోజుల్లో రమతులాయ్ తన స్నేహితురాలికి రాసే పొడుగు ఉత్తరం ఇది. ఆ భర్త రెండో పెళ్ళి చేసుకున్నది సొంత కూతురి స్నేహితురాలినే. ఇట్లాంటి పరిస్థితే వస్తే స్నేహితురాలు మొగుణ్ణి వదిలేసి పోయింది, ఈమె ఉండిపోయింది. ఎవరు కరెక్టు అని రచయిత్రి తీర్పు చెప్పదు. హాస్టల్లో దీని మీద రెండు రోజులు వాదించుకున్నాం.

3. నెర్వస్ కండిషన్స్ (1988), సిత్సి డంగరెంబ్గా, జింబాబ్వే. తంబు అనే అమ్మాయి స్కూలు ఫీజు కోసం సొంతంగా మొక్కజొన్న పండిస్తుంది. ఆ కంకుల్ని అన్నే దొంగిలించి ఫ్రెండ్స్‌కి పంచుతాడు. ఆ అన్న మిషన్ స్కూల్లో చేరాక, ఇంటికొస్తే షోనా భాష రానట్టు ఉంటాడు. తల్లికి కొడుకుతో నాలుగు మాటలు మాట్లాడటమే కష్టమైపోతుంది. ఆ పేజీ దగ్గర నేను ఫోన్ పక్కన పెట్టేశా. జేజి "ఏం చదువుతా ఉండావు?" అంటే "ఏం లేదులే" అని నేను ఎన్నిసార్లు అన్నానో గుర్తొచ్చింది.

4. డెవిల్ ఆన్ ద క్రాస్ (1980), గూగి వా థియోంగో, కెన్యా. అప్పటిదాకా ఇంగ్లీషులో నవలలు రాసిన గూగి 1977లో ఊరివాళ్ళతో కలిసి గికుయు భాషలో నాటకం వేయించాడు. ఆ ఏడాది చివర్లో అరెస్టు చేసి, విచారణ లేకుండా జైల్లో పెట్టారు. అక్కడే టాయిలెట్ పేపర్ మీద, గికుయులోనే ఈ నవల రాశాడు. దొంగల్లో గొప్ప దొంగ ఎవరని పోటీ పెడితే దోచుకున్నవాళ్ళంతా వచ్చి గొప్పలు చెప్పుకుంటారు. నవ్వొస్తుంది, వెంటనే కోపం వస్తుంది. దీన్ని వరవరరావు తెలుగులోకి అనువదించారు, అదీ జైల్లో ఉన్నప్పుడే. గూగి 2025 మేలో చనిపోయాడు.

ఇదయ్యాక ఆయన వ్యాసాల పుస్తకం డీకాలనైజింగ్ ద మైండ్ (1986) చదవండి. బడిలో గికుయు మాట్లాడుతూ దొరికిన పిల్లలకి దెబ్బలు పడేవి, లేదంటే అవమానించే రాతలున్న రేకు మెడలో వేసేవాళ్ళు. దొరికినోళ్ళని పట్టించేది తోటి పిల్లలే.

మా స్కూల్లో తెలుగు మాట్లాడితే రూపాయి ఫైను. పేర్లు రాసే నోటుబుక్కు క్లాస్ లీడర్ దగ్గర ఉండేది. రెండేళ్ళు ఆ లీడర్ని నేనే. అప్పట్లో అది పెద్ద పదవి అనుకున్నా. ఎక్కడో కెన్యా గురించి, ఇంగ్లీషులో, ఫోన్‌లో చదివితే గానీ నేను చేసిందేమిటో నాకు అర్థం కాలేదు. ఆఫ్రికా నవలలు చదవమనడానికి నా అసలు కారణం ఇదే. మన ఊరి సంగతి మనకి దగ్గరి నుంచి కనపడదు, అంత దూరం పోయి చూస్తే కనపడుతుంది.

ఆ తర్వాత లైబ్రరీ నుంచి డాక్టర్ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' తెచ్చా. ఆయన పుట్టింది చిత్తూరు జిల్లాలోనే. తప్పిపోయిన పంది కోసం ఒక ముసలాయన రాత్రంతా అడవిలో పడే పాట్లు కథ. నా తెలుగు చదువు నత్తనడక. జేజికి పైకి చదివి వినిపిస్తా, ఆమె తప్పులు దిద్దుతుంది.

సీఎస్ వాళ్ళకి చివరిగా ఒక పని. తెలుగు యూనికోడ్‌లో 1991 నుంచే ఉంది. కానీ చాలా పుస్తకాలు వేరే ఫాంట్ల పద్ధతిలో టైపయ్యాయి, కాపీ చేస్తే పిచ్చి గుర్తులొస్తాయి. పాతవి చాలావరకు స్కాన్ చేసిన బొమ్మలే. అక్షరాలు పెరగవు, వెతికితే దొరకవు. తెలుగు వికీసోర్స్‌లో కాపీరైటు తీరిన పుస్తకాల్ని పేజీ పేజీగా సరిదిద్దుతున్నారు. ఎవరైనా చేరొచ్చు. నేను వారానికి రెండు పేజీలు చేస్తున్నా.

జేజి మాత్రం ఒకొంక్వో చివరికి ఏమయ్యాడని రోజూ అడుగుతా ఉంది. ఆ ఆఖరి చాప్టరు తెలుగులో ఎట్లా చెప్పాలో ఇంకా మాటలు వెతుక్కుంటా ఉన్నా.