చీమల జాతి గుర్తింపు: ఇంటిలోను, తోటలోను యాజమాన్యానికి తొలి మెట్టు

చీమలు హైమెనోప్టెరా క్రమంలోని ఫార్మిసిడే కుటుంబానికి చెందిన సంఘజీవులు. భారతదేశంలో 800కు పైగా జాతులు నమోదయ్యాయి. వీటిలో ఇంటికి, పంటకు ఇబ్బంది కలిగించేవి కొన్ని మాత్రమే. అయినప్పటికీ చీమ కనిపించగానే జాతితో నిమిత్తం లేకుండా మందు చల్లడం పరిపాటిగా మారింది. దీనివల్ల కొన్ని సందర్భాలలో సమస్య తగ్గకపోగా మరింత విస్తరిస్తుంది.

ఇళ్లలో ఫారో చీమ

ఫారో చీమ (మోనోమోరియం ఫారోనిస్) సుమారు 2 మి.మీ. పొడవుతో లేత పసుపు రంగులో ఉంటుంది. గోడల పగుళ్లలో గూడు కట్టుకుంటుంది. ఆసుపత్రులలో రోగకారక బాక్టీరియాను ఒకచోటి నుండి మరొకచోటికి చేరవేయగలదు. ఒక్కో గూటిలో అనేక రాణులు ఉంటాయి. మందు పిచికారీ చేసినప్పుడు బయట తిరిగే శ్రామిక చీమలే చనిపోతాయి. మిగిలినవి గుడ్లను, పిల్లపురుగులను తీసుకొని వేరుపడి కొత్త గూళ్లు ఏర్పరచుకుంటాయి. అందువల్ల పిచికారీ కన్నా నెమ్మదిగా పనిచేసే విషపు ఎర మేలు. చక్కెర నీటిలో 1 శాతం బోరిక్ ఆమ్లం కలిపిన ఎరను శ్రామిక చీమలు గూటికి చేర్చి, నోటి ద్వారా రాణులకు, పిల్లపురుగులకు పంచుతాయి. గాఢత పెంచితే శ్రామిక చీమలు గూడు చేరకముందే చనిపోతాయి. ఎరను పిల్లలకు, పెంపుడు జంతువులకు అందకుండా ఉంచాలి.

తోటలలో ఆకులు కుట్టే చీమ

ఈకోఫిల్లా స్మరగ్డినా అనే ఎర్ర చీమ తన పిల్లపురుగులు స్రవించే పట్టుదారంతో మామిడి, జీడిమామిడి ఆకులను కలిపి గూడు కడుతుంది. గొంగళి పురుగులను, ఇతర కీటకాలను వేటాడుతుంది. ఉత్తర ఆస్ట్రేలియాలోని జీడిమామిడి తోటలలో టీ దోమ నివారణకు దీనిని వినియోగించారు. శ్రీకాకుళం వంటి జీడిమామిడి ప్రాంతాలలోనూ టీ దోమ ప్రధాన సమస్యే కాబట్టి ఈ అనుభవం గమనార్హం.

అయితే ఇదే చీమ పిండినల్లి, పొలుసు పురుగులు విసర్జించే తియ్యని జిగురు కోసం వాటికి కాపలా కాస్తుంది. నల్ల గండుచీమ (కాంపోనోటస్ కంప్రెసస్) పేనుబంకను ఇలాగే రక్షిస్తుంది. అక్షింతల పురుగులను దరిచేరనీయదు. కాబట్టి పిండినల్లి నివారణకు క్రిప్టోలీమస్ పెంకుపురుగులను విడుదల చేయడానికి ముందు చెట్టుపై చీమల రాకపోకలను అరికట్టాలి. లేనిచో రైతు పెట్టుబడి వృథా అవుతుంది.

ముగింపు

చీమ ఏ జాతిది, ఏ ఆహారం కోసం వస్తున్నది, దాని బాటలో పిండినల్లి లేదా పేనుబంక ఉన్నదా అనే మూడు అంశాలను విస్తరణ శాస్త్రవేత్తలు పరిశీలించిన తరువాతనే సిఫారసు చేయాలి. రసం పీల్చు పురుగులు లేని చెట్టుపై ఎర్ర చీమ గూటిని తొలగించడమంటే కీటకాలను వేటాడే మిత్రపురుగును పోగొట్టుకోవడమే.