చెరువు నత్తల తల్లివంశము – పశుపోషకులకు దాని పాఠము

కొత్తపట్నపు ఇసుకనేలలలోని దొరువుల యొడ్డునను, ఒంగోలు వైపు రేగడి పొలముల నడుమనున్న కుంటలలోను పశువులను నీటికి దింపు రైతు ప్రతిదినము నత్తలను చూచుచునే యుండును. మనకు నత్త యనగా నత్తయే. కాని ఆ యొక్క మాట క్రింద మిక్కిలి దూరపు వంశములు దాగియున్నవి. వానిలో కొన్ని మన పశువుల ముక్కునకును కార్జమునకును కీడు దెచ్చును. కొన్ని కొంగలకును బాతులకును ఆహారమగును. ఏది యెట్టిదో తెలియుట సంఘసభ్యులకు లాభకరమని తలచి, ఈ పాఠమును వ్రాయుచున్నాము.

మూత గలవి, మూత లేనివి

మొదట పైరూపమును చూతము. నిమ్మకాయంత గుండ్రనైన పెద్ద నత్తగుల్లను శాస్త్రజ్ఞులు పైలా యందురు. ముట్టినంతనే అది లోపలికి ముడుచుకొని గట్టి మూత వేసికొనును. మేకువలె పొడుగైన మెలనాయిడిస్ అను నత్తకును మూత కలదు. మూత లేనివానిలో మనకు ముఖ్యమైనవి రెండు. నాణెమువలె చదునుగా చుట్టుకొన్నది ఇండోప్లానార్బిస్ ఎగ్జస్టస్. దీనిని మనము బిళ్లనత్త యందము. పలుచని గుల్ల, మొనదేరిన కొన, వెడల్పైన నోరు గలది లిమ్నియా.

మన పశువులకు గురకరోగమును గలిగించు పురుగు బిళ్లనత్తలోను, కార్జపు జలగ లిమ్నియాలోను పెరుగును. గురకరోగపు పురుగును 1933లో ఎం. ఎ. ఎన్. రావుగారు వర్ణించి షిస్టోసోమా నాసాలే అని పేరిడిరి. అది పశువు ముక్కులోని రక్తనాళములలో నివసించును. చీమిడితో దాని గ్రుడ్లు నీటిలో పడును. అందుండి వెడలిన పిల్ల బిళ్లనత్తలో దూరి, అచ్చట పెక్కు పిల్లలై, మరల నీటిలోనికి వచ్చి పశువు చర్మమును తొలుచుకొని పోవును. ముక్కులో కండలు పెరిగి, ఎద్దు గురకపెట్టుచు, ఊపిరికై శ్రమపడి, కాడికి పనికిరాక పోవును. ఎనుములలో ఈ చిహ్నములు తరచుగా కానరావు. అయినను వాని వలన గ్రుడ్లు నీటిలో చేరవచ్చును.

లోపలి వ్రాత

పైరూపము కొంతవరకే సాక్ష్యము. నిజమైన చుట్టరికమును తెలుపునది దేహకణములలోని వ్రాత. ప్రతి కణమునందును మైటోకాండ్రియా అను శక్తినిచ్చు చిన్న భాగములు కలవు. వానికి చక్రాకారమైన సొంత వ్రాత యొకటి యున్నది. అందు సాధారణముగా 37 జన్యువులుండును. మనుష్యుని చక్రమున 16,569 అక్షరములు గలవని 1981లో చదివిరి. బిళ్లనత్తకు దూరపు బంధువైన అమెరికా నత్త యొకదాని చక్రమును 2004లో చదువగా, సుమారు 13,700 అక్షరములు తేలినవి. ఇంటిపేరు తండ్రినుండి వచ్చునట్లు, ఈ వ్రాత సాధారణముగా తల్లినుండి మాత్రమే వచ్చును. తరతరములకు అందు చిన్న మార్పులు చేరుచుండును. రెండు జీవుల వ్రాతలను ప్రక్కప్రక్కన నుంచి భేదములను లెక్కించినచో, అవి యెంత పూర్వము విడిపోయినవో అంచనా వేయవచ్చును.

దీనికి మన సీమ దృష్టాంతమే కలదు. ఒంగోలు జాతి పశువులను 19వ శతాబ్దము నుండి బ్రెజిలు దేశమునకు కొనిపోయిరి. 1904కు పూర్వము ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిది. అందుచే అచ్చట ఆ జాతికి నెలోర్ అను పేరు నిలిచినది. మూపురము, తెలుపు, గంగడోలు అన్నియు మన జాతివే. కాని 1999లో వాని తల్లివ్రాతను పరీక్షింపగా పెక్కింటిలో ఐరోపా ఆవుల వంశము కనబడినది. మన ఆబోతులను అచ్చటి ఆవులతో కలిపిన ఫలమిది. కావున తల్లివ్రాత బలమైన సాక్ష్యమే గాని, అది తల్లి పక్షమునే చెప్పునని మరువరాదు.

నత్తల కథ

ఈ పద్ధతిచే చూడగా మూత గల పైలాయు, మూత లేని బిళ్లనత్తయు కోట్ల సంవత్సరముల క్రిందటనే విడివడిన శాఖలు. బిళ్లనత్తకు దగ్గరి బంధువు మన చెరువులో లేదు, ఆఫ్రికాలో నున్నది. దానిపేరు బులైనస్. అదియు అచ్చటి మనుష్యులకు ఇట్టి పురుగునే చేర్చునది.

బిళ్లనత్త ఆసియా యంతటను ఒక్కటే జాతియని చిరకాలము తలచిరి. 2010లో లియు, ఆట్‌వుడ్ మొదలగువారు దాని మైటోకాండ్రియా వ్రాతలోని కొన్ని భాగములను పోల్చిచూచిరి. అస్సాము శాఖయు, దక్షిణాపథపు శాఖయు 50 లక్షల సంవత్సరములకు పూర్వమే విడిపోయినవనియు, ఆగ్నేయాసియా శాఖ మన శాఖనుండి తరువాత చీలినదనియు తేలినది. ఒక్క పేరు క్రింద ఒకటికంటె నెక్కువ జాతులుండవచ్చునని వారు సూచించిరి. కనుక ఒకచోటి నత్తపై ఫలించిన ఉపాయము మరియొకచోట అట్లే ఫలించునని ముందే నమ్మరాదు.

మనము చేయవలసినది

బిళ్లనత్త యొక్కదానియందే ఆడ మగ రెండును కలవు. జత లేకున్నను గ్రుడ్లు పెట్టగలదు. నీరెండినపుడు బురదలో దాగి బ్రదుకగలదు. ఒక రైతు తన రేవును శుభ్రపరచి, ప్రక్కవాడు ఉపేక్షించిన నేమి లాభము? ఇది సంఘము కూడి చేయవలసిన పని.

1. పశువులను కుంటలోనికి దింపక, బావినీరు నింపిన తొట్లలో త్రాగింపవలెను.
2. రేవులలోని నాచును, కలుపును ఒకే వారములో అందరును తీసి, ఎండలో వేయవలెను. దాని ఆకులకు జిగురుగా అంటియుండునవి నత్త గ్రుడ్లు.
3. బాతులను పెంచవలెను, నత్తగుల్ల కొంగలను తరుమరాదు.
4. మైలుతుత్తమును తోచినట్లు చల్లరాదు. అది చేపలను, కీడు చేయని నత్తలను గూడ చంపును.
5. గురకపెట్టు పశువును వెంటనే పశువైద్యునికి చూపి, దాని చీమిడిని పరీక్ష చేయింపవలెను. ఆరోగ్యముగా కనబడు ఎనుములను మరువరాదు.
6. నత్తలున్న నీటిలో దిగినవారికి కాళ్ల దురద కలుగవచ్చును. కావున నత్తలను వలతో తీయవలెను గాని వట్టిచేతులతో కాదు.

నత్తలన్నియు శత్రువులు కావు. రేపు రేవునకు పోయినపుడు మూతను చూడుడు, ఆకారమును చూడుడు. పిమ్మట పొరుగువానిని పిలిచి చూపుడు.