ఇంకెన్నాళ్లు ఓర్చుకోవాలి?

సమస్య: మాది అల్లూరు మండలంలో సముద్రానికి దగ్గరి ఊరు. మా ఆయన గుంటలు లీజుకు తీసుకుని రొయ్యలు వేస్తున్నారు. వరసగా రెండు పంటలు వైట్‌స్పాట్ తెగులుతో పోయాయి. మేత డీలరుకు బాకీ పడ్డాం, నా నగలు తాకట్టులో ఉన్నాయి. ఆయనకు రాత్రిళ్లు నిద్ర లేదు. మొన్న ‘నేను లేకపోతేనే మీకు నయం’ అన్నారు. నేను ప్రార్థన మానలేదు. సంఘంలో కొందరు ‘మీకు విశ్వాసం చాలదు, ఇంకో పంట వెయ్యండి, దేవుడే చూసుకుంటాడు’ అంటున్నారు. నాకు దేవుడి మీదే కోపమొస్తోంది. ఆ కోపానికి భయమూ వేస్తోంది. ఇంకెన్నాళ్లు ఓర్చుకోవాలి?
- ఓ సోదరి, నెల్లూరు జిల్లా

సలహా: అమ్మా, ముందు మీ ఆయన అన్న మాట సంగతి. విసుగులో అన్నారులే అని వదిలెయ్యొద్దు. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పెరగదు. పురుగుమందులు, గుంటల్లో వాడే మందులు ఆయనకు అందనివ్వకండి. రాత్రి కాపలాకు ఆయన్ని ఒక్కరినే పంపకండి. టెలిమానస్ హెల్ప్‌లైన్ 14416కు ఈరోజే ఫోన్ చెయ్యండి. ఏ వేళలో చేసినా ఉచితమే.

ఇక మీ కోపం. అది అవిశ్వాసం కాదు. మీ బైబిల్లో 13వ కీర్తన చదవండి, దేవుణ్ణి నిలదీయడంతోనే మొదలవుతుంది.

మీ జిల్లా కథే ఒకటి చెబుతాను. శామ్యూల్ డే 1840లో నెల్లూరులో బాప్టిస్టు మిషన్ పెట్టారు. ఏళ్లు గడిచినా చేరినవాళ్లు కొద్దిమందే. 1853లో అమెరికాలోని ఆల్బనీ సభలో, ఈ మిషన్ మూసేద్దామా అన్న చర్చే జరిగింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, కొందరు తెలుగు క్రైస్తవులు ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. ఒంగోలుకు మిషనరీ జాన్ క్లౌ వచ్చి స్థిరపడేసరికి 1866 అయింది. పదేళ్లకు పెద్ద కరువు వచ్చింది. క్లౌ ప్రార్థనతో సరిపెట్టుకోలేదు. బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించారు. కూటి కోసం మతం పుచ్చుకోకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

మీ గుంటలు కూడా అలాగే నిండుతాయని చెప్పడానికి కాదు ఇది. డే ఆ రోజు చూడలేదు, 1871లోనే కన్నుమూశారు. నాకు ఈ కథలో అన్నిటికన్నా విలువైనది ఆ కాలువ పనే. దేవుణ్ణి నమ్మినవాళ్లు అప్పుడు పలుగూ పారా పట్టారు, ఆకలిగొన్నవాళ్లకు కూలి లెక్కగట్టి ఇచ్చారు. అప్పు తెచ్చి మూడో పంట వెయ్యడం మాత్రం ఓర్పు కాదమ్మా, దేవుణ్ణి పరీక్షించడం. ఈ సీజను గుంటలు ఎండగట్టండి. లీజు గడువు, బాకీలు, వడ్డీలు ఒక కాగితం మీద రాయండి. మళ్లీ వెయ్యాలనుకున్న రోజున రొయ్యపిల్లకు పీసీఆర్ పరీక్ష చేయించకుండా గుంటలో వదలకండి.

‘దేవుడే చూసుకుంటాడు’ అన్నవాళ్లలో మీ మేలు కోరేవారు ఒకరైనా ఉంటారు. ఆ కాగితం పట్టుకుని, గడువు అడగడానికి మీ ఆయనతో పాటు డీలరు దగ్గరికి రమ్మని వారిని పిలవండి.