ఆలస్యంగా నాటిన ఉల్లి – ఆకును కాపాడుకోవడం ఎలా?

సంక్రాంతి సెలవులకు ఊరికి వెళ్లిన మనలో చాలామంది పండుగ మరుసటి రోజునే ఉల్లి నాట్లకు దిగుతాం. సొంత చేనైనా, కౌలు చేనైనా, కూలికైనా పని ఒక్కటే. కర్నూలు జిల్లాలో ఉల్లి ప్రధానంగా ఖరీఫ్ పంట. బోరు నీరో, కాలువ నీరో ఉన్నచోట రబీలోనూ వేస్తారు. రబీ ఉల్లిని నవంబరు, డిసెంబరు నెలల్లో నాటాలి. కానీ ముందు పంట చేను విడవక, కాలువ నీరు సకాలంలో రాక, నారు దొరకక ఆ నాట్లు జనవరికి జరిగిపోతుంటాయి. అలా ఆలస్యమైన పంటను ఎలా కాపాడుకోవాలో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ముందుగా ఒక సంగతి గమనించాలి. ఉల్లి గడ్డ కట్టేది మొక్క వయసును బట్టి మాత్రమే కాదు, పగటి పొడవును, ఎండ వేడిని బట్టి కూడా. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పగలు పెరిగి వేడి ముదరగానే మొక్క చిన్నదైనా సరే గడ్డ వేయడం మొదలుపెడుతుంది. గడ్డను అడ్డంగా కోస్తే కనిపించే పొరలన్నీ ఆకుల మొదళ్లే. (హాస్టల్ సాంబారులో ఉల్లి ముక్క కోసం వెతికే మనం దాన్ని అంత శ్రద్ధగా చూసి ఉండం!) అంటే గడ్డ కట్టే నాటికి ఎన్ని మంచి ఆకులు ఉంటే గడ్డ అంత లావు అవుతుంది. నవంబరులో నాటిన మొక్కకు ఆకులు వేసుకోవడానికి తీరిక ఉంటుంది. జనవరిలో నాటినదానికి ఆ తీరిక లేదు. అందుకే సకాలపు పంటలో రెండు ఆకులు పోయినా తట్టుకుంటుంది కానీ, ఆలస్యపు పంటలో అవే రెండు ఆకులు గడ్డ సైజును తగ్గిస్తాయి. మార్కెట్ యార్డులో చిన్న గడ్డను వేరే కుప్ప పోసి తక్కువ ధర కడతారు. 2025 సెప్టెంబరులో ధర పడిపోయి, ప్రభుత్వమే క్వింటా 1200 రూపాయలకు కొనవలసి వచ్చిన సంగతి మనకు తెలిసిందే. ధర మన చేతిలో లేదు. గడ్డ సైజు కొంతవరకు మన చేతిలో ఉంది.

ఆ ఆకులను తినేది తామర పురుగు. గింజంత కూడా ఉండదు. లేత పసుపు రంగులో మొక్క నడిమధ్య ఆకుల సందులో దాక్కుంటుంది. ఆకును గీకి రసం పీలుస్తుంది. దాంతో ఆకుల మీద తెల్లని, వెండిలాంటి చారలు పడతాయి. తర్వాత కొనలు ఎండి ముడుచుకుపోతాయి. పొడి గాలి, ఎండ దీనికి అనుకూలం. కనుక ఆలస్యపు పంట లేతగా ఉన్న రోజుల్లోనే పురుగు ఉధృతి కూడా పెరుగుతుంది. పైగా అది చేసిన గాయాల గుండా ఊదా మచ్చ తెగులు సులభంగా ప్రవేశిస్తుంది.

గుడ్లు ఆకు లోపల ఉంటాయి. కోశస్థ దశ నేలలో గడుస్తుంది. మందు ఈ రెండింటికీ తగలదు. ఒకసారి కొట్టగానే "పోయింది" అనుకోవడం అందుకే పొరపాటు. పదిరోజులకు మళ్లీ మొక్క నడుమ విప్పి చూడాలి. చేనులో అక్కడక్కడ ఇరవై మొక్కలు చూసి లెక్కపెట్టాలి. సగటున మొక్కకు 30 పురుగులు ఉంటే మందు తప్పదని ఉల్లి పరిశోధకులు చెబుతారు. ఆలస్యపు పంటలో అంతవరకు ఆగకుండా, పురుగు కనిపించగానే 5 శాతం వేపగింజల కషాయం కొట్టడం మేలని మా అభిప్రాయం. 100 లీటర్ల నీటికి 5 కిలోల వేపగింజల పొడి సరిపోతుంది. వేపకాయలు ఎండాకాలంలో మన ఊళ్లలో ఊరికే రాలిపోతాయి, ఏరి ఎండబెట్టి దాచుకోవాలి.

రసాయన మందు అవసరమైతే రైతు సేవా కేంద్రంలో అడిగి, డబ్బా మీద ఉల్లి పేరు ఉన్నదే, అందులో రాసిన మోతాదులోనే వాడాలి. ఒకే మందును వరుసగా కొట్టరాదు. ఉల్లి ఆకు మైనం పూసినట్టుంటుంది కాబట్టి జిగురు మందు కలపకపోతే ద్రావణం జారిపోతుంది. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడటం 2005లోనే నిషేధించారు. మందును ఒట్టి చేతులతో కలపడం, ఆ పనికి చిన్న తమ్ముళ్లను పంపడం మానాలి. మందు కొట్టిన చేనులో ఉల్లికాడలు కూరకు కోయకూడదు.

ఊదా మచ్చకు లీటరు నీటికి 2.5 గ్రాముల మాంకోజెబ్ కొట్టవచ్చు.

నాటే ముందు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. చేను చుట్టూ రెండు వరుసలు మొక్కజొన్న నెల ముందే విత్తితే బయటి నుంచి వచ్చే పురుగును కొంత ఆపుతుంది. ఎనిమిది వారాలు దాటిన ముదురు నారు చవకగా ఇస్తామన్నా తీసుకోవద్దు. 15 సెంటీమీటర్ల వరుసల్లో 10 సెంటీమీటర్లకు ఒక మొక్క చొప్పున నాటాలి. దగ్గరగా కుక్కితే గడ్డ ఊరదు. ఆకు కోసమని యూరియా ఆలస్యంగా వేసేవారున్నారు. నాటిన 45 రోజుల తర్వాత వేస్తే మెడ లావై గడ్డ నిల్వ ఉండదు. పురుగూ ఎక్కువవుతుంది. జనవరి చివరికి కూడా నారు చేతికి రాకపోతే ఆ చేనులో వేరే పంట వేసుకోవడమే మంచిది.

ఈ పంట ఏప్రిల్ చివర, మే మొదట్లో చేతికి వస్తుంది. సగం మొక్కలు మెడ వాల్చాక, పది పదిహేను రోజుల ముందే తడి ఆపి పీకాలి. మే ఎండకు గడ్డ కమిలిపోతుంది. కాబట్టి ఒక వరుస గడ్డల మీద తర్వాతి వరుస ఆకులు కప్పుతూ పరిచి, మూడు నాలుగు రోజులు ఆరాక, అంగుళం మెడ ఉంచి కోయాలి.